ఈసీజీలో నాలుగు చిన్న గళ్ళు

మా మావయ్యది టెక్కలి నుంచి నౌపడ వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే, మనిషి మంచం మీద పడుకోవడం మానేసి వెనక రెండు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఆయాసం. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి, అది పూడటానికి చాలాసేపు పడుతోంది. "గ్యాస్ అనుకున్నాం బాబూ" అంది అత్తయ్య. మా వైపు గుండె జబ్బు ముందు గ్యాస్ పేరుతోనే ఇంట్లోకి వస్తుంది.

ఎకో తీయిస్తే పంపింగ్ 25 శాతం అన్నారు. ఆ ఒక్క అంకె ఊరంతా తిరిగింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "పంపింగ్ ఎంత?" అనే అడిగారు. గుండెలో ఎడమవైపు కింది గది, అంటే ఎడమ జఠరిక, దాని నిండా ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత వంతు బయటికి వెళుతోందో చెప్పే లెక్క అది. డాక్టర్లు ఈఎఫ్ అంటారు. బాగున్న గుండెకి కూడా అది నూటికి నూరు ఉండదు, 55 నుంచి 65 దాకా ఉంటే చాలు. అందుకని 25 అంటే మనం భయపడినంత "పాతిక మార్కులు" కాదు, అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు.

విశాఖలో డాక్టరుగారు మాత్రం ఎకో కాగితం పక్కన పెట్టి, ఫైల్ అడుగున నాలుగు మడతలు పడి ఉన్న ఈసీజీ బయటికి తీశారు. దాన్ని బల్ల మీద సాపు చేసి, పెన్ను మొనతో గళ్ళు లెక్కపెట్టారు. "ఏట్రా, ఆ గీతల్లో ఏటుంది?" అన్నాడు మావయ్య నా చెవిలో.

అసలు సంగతి అక్కడే ఉంది. ఈసీజీ కాగితం మామూలుగా సెకనుకి 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే మిల్లీమీటరు వెడల్పున్న ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. ప్రతి కొట్టుకునే దెబ్బకీ సూదిలా లేచే గీతని క్యూఆర్ఎస్ అంటారు. కింది గదులైన జఠరికలు రెండింటికీ కరెంటు పాకడానికి పట్టే సమయమే దాని వెడల్పు. మామూలు గుండెలో రెండు, రెండున్నర చిన్న గళ్ళలో అయిపోతుంది. మావయ్యది నాలుగు గళ్ళు. 160 మిల్లీసెకన్లు. సూదిలా ఉండాల్సింది మొద్దుగా, రెండు కొమ్ములతో ఉంది. "ఎల్‌బీబీబీ" అని కాగితం మూల రాశారు. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, అంటే ఎడమ కొమ్మలో అడ్డు.

గుండెలో కరెంటు పైన పుట్టి, నడిమి గోడలోంచి ఒక కట్టగా దిగి, కుడికీ ఎడమకీ కొమ్మలుగా చీలుతుంది. ఆ కట్టని 1893లో విల్‌హెల్మ్ హిస్ గుర్తించాడు. జర్మనీలో పనిచేస్తున్న సునావో తవారా అనే జపాన్ వైద్యుడు 1906లో మొత్తం చెట్టునీ కొమ్మలూ రెమ్మలతో సహా వివరించాడు. ఈ ప్రత్యేకమైన దారిలో కరెంటు సెకనుకి 2 నుంచి 4 మీటర్ల వేగంతో వెళుతుంది. అదే మామూలు కండలోంచి పాకాలంటే సెకనుకి అర మీటరు అటూ ఇటూ. ఎడమ కొమ్మ పాడైతే కుడివైపు టైముకే అందుకుంటుంది. ఎడమ జఠరిక బయటి గోడకి మాత్రం కరెంటు కండలోంచి దేకుతూ వెళ్ళాలి. హైవే మూసేస్తే ఊళ్ళ మధ్య సందుల్లోంచి బండి పోనిచ్చినట్టు.

ఆలస్యం సెకనులో పదో వంతు కూడా లేదు కదా, దానికేమవుతుంది అనిపిస్తుంది. తడిసిన దుప్పటి ఇద్దరు పట్టుకుని పిండటం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరూ ఒకేసారి మెలి తిప్పితే నీళ్ళు ధారగా కారతాయి. ఒకరు తిప్పేటప్పుడు రెండోవారు వదులుగా పట్టుకుంటే ఆ చివర తిరిగిపోతుందే గానీ పిండిందేమీ ఉండదు. ఇది పోలిక కోసం చెప్పింది మాత్రమే కాదు, ఎడమ జఠరిక నిజంగానే మెలి తిరుగుతూ పిండుకుంటుంది. ఎల్‌బీబీబీలో నడిమి గోడ ముందే ముడుచుకుంటుంది. అప్పటికి బయటి గోడ ఇంకా నిద్రలో ఉంటుంది, రక్తం దాని మీదకి తోసుకెళ్ళి దాన్ని ఉబ్బిస్తుంది. అది మేలుకుని ముడుచుకునే సరికి నడిమి గోడ వదులైపోతుంది. రక్తం బయటికి పోకుండా ఇటూ అటూ ఊగుతుంది. ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య తలుపులాంటి మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే కండలు కూడా తలోసారి లాగడంతో కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. ఇలా కష్టపడీ కష్టపడీ గుండె సాగి పెద్దదవుతుంది, సాగిన కొద్దీ కరెంటు ఇంకా ఆలస్యమవుతుంది.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా కలిపి ఒకేసారి ఐదు తాళాలు నడిపేవారని మా వైపు పెద్దలు గొప్పగా చెబుతారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి ఆయనే మొదటి ప్రిన్సిపాల్. పాపం గుండెకి ఆ విద్య రాదు, రెండు తాళాలకే చతికిలబడుతుంది.

దీనికి కనిపెట్టిన మందే సీఆర్‌టీ, అంటే గుండె గదుల తాళం మళ్ళీ కలిపే చికిత్స. మామూలు పేస్‌మేకర్‌కి ఒకటో రెండో తీగలు ఉంటాయి, దీనికి సాధారణంగా మూడు. ఎడమ కాలర్ బోన్ కింద తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి, చర్మం కింద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె పెడతారు. ఒక తీగ కుడి కర్ణికకి, అంటే కుడివైపు పై గదికి, ఒకటి కుడి జఠరికకి వెళతాయి. మూడోదే కష్టం. ఎడమ జఠరిక లోపలికి తీగ పెడితే రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్ళే ప్రమాదం ఉంది. అందుకని గుండె కండ వాడేసిన రక్తం తిరిగొచ్చే సిర ఒకటుంది, కరొనరీ సైనస్ అని. దాని నోట్లో దూరి, వచ్చే రక్తానికి ఎదురీది, ఎడమ గోడ వెనక వైపుకి తీగ చేరుస్తారు. ఇక పెట్టె రెండు వైపులా దాదాపు ఒకేసారి చిన్న కరెంటు ఇస్తుంది. నిద్రపోతున్న గోడని టైముకి లేపుతుంది, అంతే. గుండెకి కొత్త బలమేదీ ఇవ్వదు.

ఆ "అంతే" దగ్గర కొంచెం ఆగాలి. గుండెని గట్టిగా కొట్టించే మందులు కొన్ని ఉన్నాయి. అవి అలసిన ఎద్దుని చెర్నాకోలతో తోలినట్టు పనిచేస్తాయి. పని జరుగుతుంది గానీ గుండె ఖర్చుపెట్టే ఆక్సిజన్ పెరుగుతుంది. సీఆర్‌టీతో గుండె చేసే పని పెరిగినా ఆక్సిజన్ ఖర్చు పెరగలేదని 2000లోనే కొలిచి చూశారు. వృథా తగ్గింది కాబట్టి.

మొదటిసారి ఈ ప్రయత్నం చేసింది ఫ్రాన్స్‌లో. సెర్జ్ కజో బృందం 1994లో ఒక 54 ఏళ్ళ రోగి సంగతి ప్రచురించింది. నాలుగు గదులకీ తీగలు పెట్టారు. ఆరు వారాల్లో ఆయన 17 కిలోలు తగ్గాడు, కాళ్ళ వాపు పోయింది. ఆ తగ్గింది చాలావరకు ఒంట్లో నిలిచిపోయిన నీరే.

ఒక్క మనిషికి నయమైతే కథ అవుతుంది గానీ రుజువు కాదు. 2002లో మిరాకిల్ అనే పరీక్షలో 453 మందికి పెట్టె పెట్టి, సగం మందికి ఆన్ చేశారు, మిగతావారికి ఆన్ చేయలేదు. ఎవరిది ఆన్‌లో ఉందో రోగికి తెలియదు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో ఆర్నెల్ల తర్వాత చూస్తే, ఆన్ చేసినవారు మునుపటికన్నా 39 మీటర్లు ఎక్కువ నడిచారు, మిగతావారు 10 మీటర్లు. 39 మీటర్లే కదా అనొచ్చు. మంచం నుంచి నూతిదాకా వెళ్ళలేని మనిషికి అది మంచం నుంచి వీధి గుమ్మం దాకా దూరం. 2005లో వచ్చిన కేర్-హెచ్‌ఎఫ్ పరీక్ష ఇంకా ముఖ్యం. మందులు మాత్రమే వాడిన 404 మందిలో 120 మంది చనిపోయారు. మందులతో పాటు సీఆర్‌టీ కూడా ఉన్న 409 మందిలో 82 మంది. చూసిన కాలం సగటున రెండున్నర ఏళ్ళలోపే.

ఇంత బాగుంటే పంపింగ్ తగ్గిన ప్రతివారికీ పెట్టేయొచ్చుగా? 2013లో ఎకో-సీఆర్‌టీ అనే పరీక్ష ఆ ఆశ మీద నీళ్ళు పోసింది. క్యూఆర్ఎస్ 130 మిల్లీసెకన్లలోపే ఉన్నా, ఎకోలో గోడలు తలోసారి కదులుతున్నట్టు కనిపించిన 809 మందికి పెట్టె పెట్టారు. ఆన్ చేసినవారిలో 11 శాతం మంది, చేయనివారిలో 6 శాతం మంది చనిపోయారు. పరీక్ష మధ్యలోనే ఆపేశారు. తాళం తప్పని గుండెకి బయట నుంచి తాళం వేస్తే, ఉన్న తాళమే చెడుతుంది.

అందుకే నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, మన దగ్గర అందరూ పంపింగ్ అడుగుతారు, ఏ కంపెనీ పెట్టె అని అడుగుతారు, స్కీమ్‌లో వస్తుందా అని అడుగుతారు. క్యూఆర్ఎస్ ఎంత, ఎల్‌బీబీబీ ఉందా అని ఒక్కరూ అడగరు. పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువ, ఎల్‌బీబీబీ, వెడల్పు 150 దాటడం, ఈ మూడూ కలిస్తే ఫలితం మీద గట్టి నమ్మకం పెట్టుకోవచ్చు. 130కీ 150కీ మధ్య ఉంటే లాభం తగ్గుతుంది. ఆడవాళ్ళకి మాత్రం మగవాళ్ళకన్నా తక్కువ వెడల్పులోనే బాగా పనిచేస్తుందని తేలింది. పాత గుండెపోటు మచ్చలు ఎక్కువ ఉంటే తీగ పెట్టిన చోట కండే ఉండకపోవచ్చు. అన్నీ చూసి పెట్టినా పది మందిలో ముగ్గురికి అనుకున్నంత మార్పు రాదు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే ఇంట్లోవాళ్ళకి చెప్పాలి.

మందులు ముందు, పెట్టె తర్వాత. మావయ్యకి బీటా బ్లాకర్, సాకుబిట్రిల్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ నాలుగూ మెల్లగా పెంచుతూ మూడు నెలలకి పైగా చూశారు. ఉప్పు మడుల పక్కన పుట్టి పెరిగిన మనిషిని ఉప్పు తగ్గించమనడం, ఎండు చేపలు మానమనడం వేరే కథ. పంపింగ్ 25 నుంచి 27కి వచ్చి ఆగింది. నాలుగు గళ్ళు నాలుగు గళ్ళలాగే ఉన్నాయి.

మన శ్రీకాకుళం జిల్లాలో ఇంకో మెలిక ఉంది. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల నుంచి వచ్చే గుండె రోగికి కిడ్నీలు కూడా బలహీనంగా ఉండొచ్చు. కరొనరీ సైనస్ కొమ్మలు కనిపించడానికి సిరలోకి డై ఎక్కిస్తారు, అది దెబ్బతిన్న కిడ్నీకి మంచిది కాదు. స్పైరనోలాక్టోన్ ఇస్తే పొటాషియం పెరిగే భయం. అలాంటివారు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ ముందే చేతిలో పెట్టుకుని వెళ్ళాలి, డై తక్కువ వాడే ఏర్పాటు గురించి మాట్లాడాలి. మరోపక్క, గుండె తాళం కలిసి బీపీ కాస్త లేస్తే కిడ్నీకి వెళ్ళే రక్తం మెరుగుపడొచ్చు, బీపీ పడిపోతోందని ఆపేసిన మందులు మళ్ళీ పెంచే వీలు దొరకొచ్చు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మూడో రోజు రాత్రి మావయ్య ఫోన్ చేశాడు. "ఒరే, ఎడం పక్కకి తిరిగి పడుకుంటే కడుపులో కప్ప గెంతుతున్నట్టుందిరా." మళ్ళీ కూర్చునే నిద్ర. ఇంటిల్లిపాదికీ టెన్షన్. తీరా చూస్తే, ఎడమ తీగ ఉన్న చోటుకి పక్కనే ఊపిరి కండరాన్ని కదిలించే ఫ్రెనిక్ నరం పోతోంది. పెట్టె ఇచ్చే కరెంటు దానికీ తగిలి, ప్రతి దెబ్బకీ ఎక్కిలిలా కదులుతోంది. మళ్ళీ కోత అక్కర్లేకపోయింది. పెట్టెతో మాట్లాడే ప్రోగ్రామర్ అనే యంత్రం తల ఛాతీ మీద ఆనించి, తీగ మీద కరెంటు ఇచ్చే నాలుగు చోట్లలో వేరే జత వాడేలా కంప్యూటర్‌లోనే మార్చారు. కప్ప ఆగిపోయింది. ఇలా జరగొచ్చని మాకు ఎవరూ ముందు చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ రాత్రి అందరం నిద్రపోయేవాళ్ళం.

ఈ మూడో తీగ గొడవ లేకుండా, నడిమి గోడలోకి ఒక తీగని స్క్రూలా తిప్పి దించి, పాడైన చోటు దాటాక ఎడమ కొమ్మనే నేరుగా పట్టుకునే పద్ధతి ఒకటి వచ్చింది. చైనాలోని వెన్‌జౌలో హువాంగ్ వీజియాన్ బృందం 2017లో మొదట ప్రచురించింది. క్యూఆర్ఎస్ బాగా సన్నబడుతుంది, తక్కువ ఖరీదు పెట్టెతో పని జరగొచ్చు కాబట్టి మన దేశంలో డాక్టర్లకి దీని మీద మోజు ఎక్కువే. చిన్న పరీక్షల్లో ఫలితాలు బాగున్నాయి. ప్రాణాలు ఏ పద్ధతిలో ఎక్కువ నిలుస్తాయో తేల్చే పెద్ద పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి.

పెట్టె పెట్టాక చాలామంది చేసే పొరపాటు చెకప్‌కి వెళ్ళకపోవడం. టెక్కలి నుంచి విశాఖకి పోనూ రానూ ఒక రోజు కూలి పోతుంది, ఆయాసం తగ్గింది కదా అని ఊరుకుంటారు. కానీ అక్కడ ప్రోగ్రామర్ ఒక అంకె చూపిస్తుంది, రోజు మొత్తం దెబ్బల్లో ఎన్ని ఈ పెట్టె చేతుల మీదుగా జరిగాయో. 98 శాతం దాటితే మంచిది. కర్ణికలు గజిబిజిగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినా, మధ్యలో అదనపు దెబ్బలు పడుతున్నా ఆ అంకె పడిపోతుంది, దాంతో పాటు లాభమూ పడిపోతుంది. మనిషికి అది వెంటనే తెలియదు.

ఏడాది చెకప్‌లో మావయ్య పంపింగ్ 38. కొత్త ఈసీజీని పాతదాని పక్కన పెట్టి నేనే గళ్ళు లెక్కపెట్టాను, మూడుకి కొంచెం పైన. పెట్టె అంకె మాత్రం 95 దగ్గర ఉంది.

"మిగతా ఐదూ ఎక్కడికెలిపోనాయి?" అన్నాడు మావయ్య.

గుండె రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది, అందులో ఐదు వేలు మీ గుండె సొంతంగా వేసుకున్న అదనపు దెబ్బలు అన్నారు డాక్టరుగారు. బీటా బ్లాకర్ డోసు కొంచెం పెంచి, మూడు నెలలకి మళ్ళీ రమ్మని తారీఖు రాశారు. మావయ్య ఆ చీటీని ఈసీజీలు రెండింటి మధ్య పెట్టి, ఫైల్ అడుగున కాకుండా పైనే పెట్టమన్నాడు.