అపోహలు - వాస్తవాలు: రెక్కలు చూసి పేరు పెట్టేయకండి

అపోహ: సీతాకోకచిలుక రెక్కల రంగు పుస్తకంలో బొమ్మతో కలిస్తే జాతి తేలిపోయినట్టే.

వాస్తవం: తేలదు. వైజాగ్‌లో నా దగ్గరికి పిన్నుకి గుచ్చిన సీతాకోకచిలుకల పెట్టెలు పట్టుకొచ్చే పీజీ పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. మన పెరట్లో నిమ్మ మీద, కరివేపాకు మీద గుడ్లు పెట్టే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక సంగతే చూడండి. మగది ఒకటే తీరు: నల్ల రెక్కలు, వెనక రెక్కలో తెల్లమచ్చల వరస. ఆడదానికి మాత్రం మన దగ్గర మూడు వేషాలు. ఒకటి మగదానిలాగే, మిగతా రెండూ వేరే జాతుల్లా: ఒకటి కామన్ రోజ్‌లా, ఇంకొకటి క్రిమ్‌సన్ రోజ్‌లా. రోజ్‌లు ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి కాబట్టి ఒంట్లో విషం ఉంటుంది, పిట్టలు జోలికి రావు. వాటి వేషం కట్టి మార్మన్ ఆడది ప్రాణం కాపాడుకుంటుంది. ఒకే జాతి ఆడవాటికి ఇన్ని రూపాలుంటాయని ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ 1865లోనే వివరంగా రాశాడు. అయినా ఈ ఒక్క జాతిని మూడు పేర్లతో ఎక్కించిన జాబితాలు నాకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

పోయినేడు ఒకమ్మాయి థీసిస్ గడువు ముందు అలాంటి జాబితాతోనే వచ్చింది. టెన్షన్‌తో గొంతు పెగలడం లేదు. "పెట్టె తీయమ్మా, రెక్కలొదిలేసి ఒళ్ళు చూడు" అన్నాను. రోజ్‌కి తల, పొట్ట ఎర్రగా ఉంటాయి. మార్మన్‌కి ఒళ్ళు నలుపే. పిన్ను పట్టుకుని లెన్స్ కింద ఒక్కొక్కటీ పక్కకి తిప్పుకుంటూ పోయింది. సాయంత్రానికి జాబితా సగానికి సగం సర్దుకుంది.

ఒళ్ళు చూశాక, పిన్నుకి గుచ్చిన లేబుల్ చీటీ చూడాలి. ఈవెనింగ్ బ్రౌన్ అనే జాతి వానాకాలంలో రెక్క అడుగున కళ్ళలాంటి చుక్కలతో ఉంటుంది. ఎండాకాలానికి ఆ చుక్కలు దాదాపు మాయమై అచ్చం ఎండుటాకే. లేబుల్ మీద తేదీ ఉంటే ఆ తేడా ఎందుకొచ్చిందో వెంటనే తెలుస్తుంది, లేకపోతే రెండు జాతులనుకుంటారు. ఊరి పేరూ అంతే. "విశాఖ జిల్లా" అని రాసి వదిలేస్తే ఎలా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. పాత లేబుల్ మీద ఆ ఒక్క ముక్కే ఉంటే ఆ నమూనా వైజాగ్ పక్కనున్న కంబాలకొండదో, ఇప్పుడు అల్లూరి జిల్లాలో ఉన్న అనంతగిరిదో చెప్పేవాడు లేడు. ఊరు, ఎత్తు, తేదీ, పట్టినవారి పేరు రాయండి. అన్నీ ఆ పిన్నుకే ఉండాలి, నోట్‌బుక్‌లో కాదు.

అపోహ: పొట్ట విరిస్తే నమూనా పాడైపోతుంది.

వాస్తవం: స్కిప్పర్లు, గ్రాస్ యెల్లోలు అనే సీతాకోకచిలుకల్లో చాలాసార్లు జననాంగాలు చూడందే జాతి తేలదు. పొట్టను పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంలో నానబెట్టి, శుభ్రం చేసి, మైక్రోస్కోప్ కింద చూసి, గ్లిజరిన్ గొట్టంలో వేసి అదే పిన్నుకి గుచ్చుతాం. పోయేదేం లేదు.

అపోహ: డీఎన్ఏ పరీక్ష ఉండగా ఇవన్నీ ఎందుకు?

వాస్తవం: పరీక్షకి నమూనా కాలు ఒకటి చాలు, నిజమే. కానీ వచ్చిన ఫలితాన్ని పోల్చి చూసే నమూనాకే తప్పు పేరుంటే ఆ తప్పే మీకూ వస్తుంది.

అపోహ: రెక్కల పొడి కంట్లో పడితే చూపు పోతుంది.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో కానీ, పాపం తల్లులు వణికిపోతూ ఫోన్ చేస్తారు. ఆ పొడి రెక్కల మీది సన్నని పొలుసులు, విషం కాదు. పిల్లల్ని కళ్ళు నలపనివ్వకుండా మంచినీళ్ళతో కడగండి. ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టర్‌కి చూపించండి.