దోమియే శిలాముద్రణ చిత్రాలు: అపోహలు, వాస్తవాలు

పాత కాగితాలను బాగుచేసి భద్రపరచడం నా వృత్తి. పారిస్‌లో కొన్న, 19వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు ఓనోరె దోమియే వ్యంగ్య చిత్రాన్ని తెచ్చి, "వెనకవైపు వార్తాపత్రిక అక్షరాలున్నాయి, మోసపోయామా?" అని ఆందోళనగా అడిగేవారు నాకు తరచుగా ఎదురవుతుంటారు. రాతిపై జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీసి, ఆ రాతి నుంచి కాగితంపై అచ్చువేయడమే శిలాముద్రణ.

వెనక అక్షరాలుంటే నకిలీ అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ఇంతగా నష్టపరిచే అపోహ మరొకటి లేదు. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ను తిండిపోతు రాక్షసుడిగా గీసి 1832లో జైలుపాలైన దోమియే, 1835 సెప్టెంబరు చట్టాలు రాజకీయ వ్యంగ్య చిత్రాలను అణచివేసిన తర్వాత న్యాయవాదులను, ఇంటి యజమానులను, ఆలుమగల కీచులాటలను గీశాడు. అవి ప్రధానంగా 'షారివారి' అనే నాలుగు పుటల దినపత్రికలో వెలువడ్డాయి. బొమ్మ మూడో పుటలో ఉండేది కాబట్టి దాని వెనక నాలుగో పుట అక్షరాలు ఉండటం సహజమే. వెనక ఖాళీగా ఉండే తెల్ల కాగితంపై విడిగా అచ్చువేసిన ప్రతులకు ఎక్కువ ధర పలుకుతుందన్నది నిజమే. అంతమాత్రాన పత్రిక ప్రతి నకిలీ అయిపోదు.

కొడుకు తెచ్చిన బొమ్మ నకిలీదేమోనన్న దిగులుతో ఒక తల్లి, ఆ అక్షరాలు కనబడకుండా దాన్ని ప్లైవుడ్‌కు అంటింపజేశారు. చెక్కలోని ఆమ్లానికి కాగితం గోధుమరంగుకు తిరిగింది. జిగురును తడిపి నెమ్మదిగా విడదీసినా, వెనక అక్షరాలు సగానికి సగం ఊడిపోయాయి. అది అసలైన పత్రిక ప్రతేనని చెప్పినప్పుడు ఆమె పడ్డ బాధ చూడలేకపోయాను.

అనుమానముంటే బొమ్మలోని కోటు నీడపై భూతద్దం పెట్టి చూడండి. జిడ్డు క్రేయాన్ రాతి గరుకుపై వదిలిన చుక్కలు చిన్నాపెద్దగా, చెదురుమదురుగా ఉంటాయి. బారులు తీరిన చుక్కలు కనిపిస్తే అది ఫొటో తీసి అచ్చువేసిన నకలు. 1870 తర్వాతి పత్రిక ప్రతులు ఉబ్బెత్తు లోహపు అచ్చుతో వచ్చినవి కావడంతో గీతలు మొరటుగా ఉంటాయి, అవీ అసలువే.

మూలన ఉన్న 'హెచ్.డి.' రాతిపైనే ఉన్న సంతకం. ప్రతి ప్రతిలోనూ పడుతుంది కాబట్టి దానికి అదనపు ధర చెల్లించవద్దు. బొమ్మ కింది సంభాషణలు చాలావరకు దోమియే రాసినవి కావు, పత్రికవారు రాయించినవి. పత్రికలో బొమ్మలు నలుపు తెలుపుల్లోనే వచ్చేవి కాబట్టి, వెనక అక్షరాలున్న ప్రతికి రంగులుంటే అవి తర్వాత ఎవరో వేసినవే.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు అంచులు కత్తిరించనివ్వకండి: పైన చిత్రమాలిక పేరు, కింద ప్రచురణకర్త పేరు ఉండేది అక్కడే. ఆమ్లం లేని అట్టకు, గోధుమ పిండి జిగురు రాసిన పలుచని జపాన్ కాగితపు పట్టీలతో పై అంచు మాత్రమే అతికించమనండి.