పటాన్‌చెరు బండ కింద మురుగు ఏ దారిన పోతుంది?

హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అక్కడినుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. శుద్ధి చేశాక సంగతి ఇది! చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల అవశేషాలున్నాయని 2009లో మరో అధ్యయనం తేల్చింది. ఏ రసాయనం ఎంత ఉందో ల్యాబు చెబుతుంది. అది బావి దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే నేల లోపలి పొరలు చూడాలి.

ఇక్కడ అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గట్టి బండలో నీరు ఇంకదు. పైన చివికి మొరంగా మారిన పొరలోనూ, దాని కింద బండ పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. అందుకే ఒకరి పొలంలో బోరు పడుతుంది, గట్టు అవతల దుమ్ము లేస్తుంది. మురుగుకూ అవే దారులు. ఫ్యాక్టరీ చుట్టూ మ్యాపు మీద గుండ్రంగా గీత గీసి, దాని బయట ఉన్నవాళ్లకు భయం లేదనడం ఈ నేలలో చెల్లదు.

తవ్వకుండా లోపల ఏముందో అంచనా వేయడానికి ఎక్కువగా వాడేది విద్యుత్ నిరోధకత సర్వే, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవడం. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా పాతుతారు. బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు మరింత లోతుకు దిగుతుంది. ఎండాకాలం నేల బీటలు వారి ఉంటే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోస్తే తప్ప రీడింగు నిలవదు.

గట్టి గ్రానైట్‌లో నిరోధకత వేల ఓమ్-మీటర్లు ఉండొచ్చు, నీరున్న మొరంలో పదుల్లో. లవణాలు కలిసిన మురుగైతే ఇంకా పడిపోతుంది. చిక్కేమిటంటే, బంకమట్టి కూడా అలాగే తక్కువ చూపిస్తుంది. రంగురంగుల సర్వే బొమ్మ చూసి 'ఇదిగో కాలుష్యం' అనేవాళ్లను నేనైతే నమ్మను. అక్కడ బోరు వేసి, లోతుతోపాటు వచ్చే రాతిపొడి ఎలా మారుతోందో చూడాలి, నీళ్లు పరీక్షించాలి.

ఆ నీళ్లు తీయడంలోనూ మెలిక ఉంది. బోరుకు కేసింగ్ పైపు పైన మెత్తని పొర వరకే వేస్తారు, కింద అంతా తెరిచే ఉంటుంది. 20 మీటర్ల దగ్గర ఒక గ్యాప్ (నీళ్లున్న పగులు), 60 దగ్గర ఇంకొకటి తగిలాయనుకుందాం. మోటారు వేసి తోడితే రెండూ కలిసి వస్తాయి, ఏది చెడిందో తెలియదు. అందుకని గాలి నింపితే ఉబ్బే రబ్బరు సంచులను పైనా కిందా బిగించి, ఒక్కో పగులు నీటిని విడిగా తీస్తారు.

మోటారు ఆపేసినా ఆ బోరు ఊరుకోదు. పై పగులులో నీటిమట్టం ఎక్కువగా ఉంటే, చెడ్డనీరు బోరు గుండానే కింది మంచి పగులులోకి దిగుతుంది. కాబట్టి వాడకుండా వదిలేసిన పాత బోర్లనూ సర్వేలో లెక్కలోకి తీసుకోవాలి, పనికిరానివాటిని అడుగునుంచి సిమెంటుతో పూడ్చాలి.