భూకంపం నంబరు చూసి భయపడాలా? అపోహలు – వాస్తవాలు

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 భూకంపం వస్తే హైదరాబాద్, విజయవాడల దాకా తెలిసింది. భూమి కదలికల్ని నమోదు చేసే సీస్మోగ్రాఫ్ రికార్డులు చూడటం నా పని కాబట్టి చుట్టాల ప్రశ్నలన్నీ నాకే వచ్చాయి.

అపోహ: 5.3 అంటే పదికి 5.3. సగం ప్రమాదమన్నమాట.

వాస్తవం: ఇవి మార్కులు కావు, ఈ స్కేలుకి పది దగ్గర గీతేమీ లేదు. మాగ్నిట్యూడ్, అంటే ఈ నంబరు, ఒక అంకె పెరిగితే నేల కదలిక పది రెట్లు, వెలువడే శక్తి సుమారు 32 రెట్లు అవుతుంది. అయినా అది భూకంపం ఎంత పెద్దదో చెబుతుందే గానీ మీ వీధి ఎంత ఊగిందో చెప్పదు. ఊగడం ఊరూరికీ మారుతుంది, దాన్ని తీవ్రత అంటాం. వార్తల్లో రెండూ కలిపేస్తారు.

ములుగు భూకంప నాభి, అంటే లోపల రాయి పగిలి జారడం మొదలైన చోటు, 40 కిలోమీటర్ల లోతున ఉందని జాతీయ భూకంప అధ్యయన కేంద్రం ప్రకటించింది. 1993 సెప్టెంబర్ 30న లాతూర్ జిల్లా కిల్లారిలో వచ్చింది 6.2, లోతు బాగా తక్కువ కాబట్టి ఊపు పైకి గట్టిగా తగిలింది. తెల్లవారకముందే వచ్చింది. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు నిద్రపోతున్నవాళ్ల మీద కూలి వేలమంది చనిపోయారు. అందుకే నంబరు చెప్పగానే నేను అడిగేది లోతెంత, గోడలు ఎలాంటివి అని.

అపోహ: దక్కన్ పీఠభూమి గట్టిది, ఇక్కడ భూకంపాలు రావు.

వాస్తవం: కిల్లారి ఉన్నది దక్కన్‌లోనే! గోదావరి లోయ వెంట పాత పగుళ్లున్నాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, ములుగూ ఆ లోయలోదే. హిమాలయాల్లో వచ్చినంత తరచుగా రావు, అంతవరకే నిజం.

అపోహ: చిన్నవి వస్తుంటే ఒత్తిడి పోయి పెద్దది రాదు.

వాస్తవం: 6 స్థాయి శక్తి ఖర్చవ్వాలంటే 4 స్థాయివి వెయ్యి రావాలి. ఎక్కడా అలా జరగదు.

అపోహ: మనకీ అగ్నిపర్వతాలకీ సంబంధం లేదు.

వాస్తవం: ఇప్పుడు దేశంలో రగిలేది అండమాన్ దగ్గరి బారెన్ ద్వీపం ఒక్కటే. కానీ వికారాబాద్ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. కరిగిన రాయి భూమి లోపలున్నంతసేపు మాగ్మా, పైకొచ్చాక లావా.

ఇక “ఈ రాత్రి వస్తుందట” అనే వాట్సాప్ ఫార్వర్డ్ సంగతి. చోటు, తేదీ, టైము ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. జపాన్‌లో ఫోన్లకి వచ్చే హెచ్చరిక కూడా భూకంపం మొదలయ్యాక, నేలని గట్టిగా ఊపే భూకంప తరంగాలు చేరడానికి కొన్ని సెకన్ల ముందు వచ్చేదే.