లిస్టులో తెలుగు లేదని వెనక్కి రాకండి: అమెరికా ప్రభుత్వ సేవల్లో భాషా సాయంపై అపోహలు - వాస్తవాలు

పిల్లల దగ్గరికి వచ్చి గ్రీన్‌కార్డుతో స్థిరపడిన అమ్మానాన్నలకు, పెళ్లయి కొత్తగా వచ్చినవాళ్లకు అమెరికాలో ఇంగ్లీషు పెద్ద అడ్డుగోడ. ఆసుపత్రి, బడి, కౌంటీ సంక్షేమ కార్యాలయం, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఎక్కడికి వెళ్లినా అదే ఇబ్బంది. అక్కడ భాషా సాయం ఏ మేరకు దొరుకుతుందన్న దానిపై మనవాళ్లలో తిరిగే మాటల్లో చాలావరకు నిజం లేదు. ఆ మాటలు నమ్మి అర్హత ఉన్న సాయం వదులుకుంటున్నారు, అర్థం కాని కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. ఇంటర్‌ప్రెటింగ్ పనిలో, అంటే ఒకరి మాటను మరో భాషలో నోటితో చెప్పే పనిలో, తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: 2025లో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించారు, ఇక ఇంటర్‌ప్రెటర్లను ఇవ్వరు.

వాస్తవం: ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలగలిసిపోయాయి. 2000 ఆగస్టు 11న అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన 13166 నంబరు ఉత్తర్వు, ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు కూడా సేవలు అందేలా ప్రణాళిక వేసుకోవాలని కేంద్ర శాఖలకు చెప్పింది. 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించిన 14224 నంబరు ఉత్తర్వు దాన్ని రద్దు చేసింది. అయితే ఇతర భాషల్లో ఇస్తున్న పత్రాలను, సేవలను ఆపాల్సిన అవసరం లేదని, ఆ నిర్ణయం శాఖాధిపతులదేనని ఈ కొత్త ఉత్తర్వులోనే ఉంది.

రద్దు కానిది 1964 పౌర హక్కుల చట్టం. కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా జాతీయ మూలాన్ని (ఏ దేశం నుంచి వచ్చారన్న దాన్ని) బట్టి వివక్ష చూపకూడదని అందులోని టైటిల్ 6 అంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లలకు అర్థం కాని ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పి, అందరికీ ఒకే పుస్తకాలు ఇచ్చాం కదా అంటే సమానత్వం అయిపోదని 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో టైటిల్ 6 ఆధారంగానే సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం కాంగ్రెస్ చేసింది, అధ్యక్షుడి ఉత్తర్వుతో పోదు.

అందుకే మీరు వెళ్లింది ఎవరి ఆఫీసుకన్నది ముఖ్యం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఆరోగ్య బీమా ఇచ్చే రాష్ట్ర మెడికెయిడ్ ఆఫీసు, ఫుడ్ స్టాంపులు అని మనం పిలిచే స్నాప్ ఇచ్చే కౌంటీ ఆఫీసు, స్కూల్ డిస్ట్రిక్టు, ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఇవన్నీ కేంద్ర నిధులు తీసుకునేవే, కాబట్టి టైటిల్ 6 కిందికి వస్తాయి. కేంద్రం సొంత ఆఫీసుల్లో మాత్రం ఆ శాఖ ప్రస్తుత విధానమేమిటో చూసుకోవాలి. పైనుంచి అమలు ఒత్తిడి తగ్గిన మాట నిజమే. కాబట్టి మునుపటి కంటే గట్టిగా, ముందుగా అడగాలి.

అపోహ: గోడ మీద భాషల లిస్టులో తెలుగు లేదు, అంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ లేరు.

వాస్తవం: ఆ లిస్టు సాధారణంగా అచ్చు కాగితాలకు సంబంధించినది. ఉదాహరణకు న్యూయార్క్ నగరంలో 2017 నాటి 30వ నంబరు స్థానిక చట్టం ప్రకారం ముఖ్య పత్రాలను అనువదించాల్సినవి 10 భాషలు. వాటిలో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. కానీ ఫోన్ ద్వారా ఇంటర్‌ప్రెటింగ్ కనీసం 100 భాషల్లో ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. ఆరోగ్య రంగంలోనూ అంతే: భాషా సాయం ఉచితమని తెలిపే నోటీసు ఆ రాష్ట్రంలో ఎక్కువగా మాట్లాడే 15 భాషల్లో ఉంటే చాలు, నోటి మాట సాయానికి మాత్రం ఆ 15 గీత లేదు.

అడిగే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. "ఇండియన్ లాంగ్వేజ్" అంటే హిందీ లైను కలుపుతారు. "తెలుగు" అని గబగబా అంటే అవతలివాళ్లకు ఫిలిప్పీన్స్ భాష "టగాలోగ్" అని వినపడే ప్రమాదం ఉంది. టి, ఇ, ఎల్, యు, జి, యు అని ఒక్కో అక్షరం చెప్పి, "సౌత్ ఇండియా, హైదరాబాద్" అని జత చేయండి. పొరపాటున హిందీ కలిస్తే "కొంచెం వచ్చులే" అని సర్దుకోకండి. బజారు హిందీతో ఆపరేషన్ అంగీకార పత్రం అర్థం కాదు.

అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగడం మంచిది, ఎందుకంటే స్పానిష్‌తో పోలిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్లు లైన్లో తక్కువ. అడగడంలో రెండు భాగాలున్నాయి. రికార్డులో "ఇష్టపడే భాష: తెలుగు" అని ఒక గడి, "ఇంటర్‌ప్రెటర్ అవసరం: అవును" అని ఇంకో గడి వేర్వేరుగా ఉంటాయి. మొదటిది నింపి రెండోది వదిలేయడం సర్వసాధారణం. అలా వదిలేస్తే ఆ రోజుకు ఎవరినీ బుక్ చేయరు. రెండూ నింపారా అని అడగండి. రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఒక్కో మాట రెండుసార్లు నడుస్తుంది కాబట్టి ఎక్కువ సమయం కూడా కోరండి.

అపోహ: ఇంట్లో చదువుకున్న అబ్బాయి ఉన్నాడు, వాడే చెబుతాడు.

వాస్తవం: ఆరోగ్య సేవల విషయంలో 2024లో వచ్చిన కేంద్ర నిబంధనలు దీన్ని దాదాపు మూసేశాయి. మైనరు పిల్లల చేత చెప్పించడం అత్యవసర పరిస్థితిలో, అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ దొరికేలోపు మాత్రమే చెల్లుతుంది. వెంట వచ్చిన పెద్దవాళ్లయితే, రోగి తానుగా కోరాలి. ఆ కోరిక కూడా ఆ బంధువు పక్కన లేనప్పుడు, అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ సమక్షంలో చెప్పాలి. బంధువు ఒప్పుకోవాలి, అది రికార్డులో రాయాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ప్రేమే ఇక్కడ అడ్డం వస్తుంది. క్యాన్సర్ అన్న మాటను కొడుకు "చిన్న గడ్డ"గా మార్చేస్తాడు. మూత్రం ఆగడం లేదని తల్లి కొడుకు ముందు చెప్పదు. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడగాల్సి వస్తే, ఆ కొట్టే మనిషే తర్జుమా చేస్తున్నాడేమో. కొడుకును పక్కనే కూర్చోబెట్టుకోండి, ధైర్యానికి. మాట మార్చే పని మాత్రం అతనికి పెట్టొద్దు.

అపోహ: రెండు భాషలూ వస్తే ఎవరైనా ఇంటర్‌ప్రెటర్ కావచ్చు.

వాస్తవం: తెలుగువాళ్లకు ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది, అందుకే కొంచెం వివరంగా.

ముందు "అవును" సంగతి. "మీకు ఎప్పుడూ ఫిట్స్ రాలేదు కదా?" అంటే మనం "అవునండీ" అంటాం, రాలేదన్న అర్థంలో. శిక్షణ లేని మనిషి దాన్ని "యెస్" అని చెబితే, ఫిట్స్ వచ్చాయని రికార్డులోకి ఎక్కుతుంది. అరెస్టుల గురించి, పాత అప్పుల గురించి అడిగే ఫారాల్లో ఇదే ముప్పు. అందుకే "అవును, రాలేదు" లేదా "లేదు, వచ్చింది" అని పూర్తి వాక్యం చెప్పడం అలవాటు చేసుకోండి. ఇంకో "ఆఁ" ఉంది, వింటున్నాను అని తెలిపేది. అవతలివాళ్లు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు.

రెండోది "మా". మనం "నా ఇల్లు" అనం, "మా ఇల్లు" అంటాం. అది అద్దె ఇల్లు కావచ్చు, అన్నయ్య పేరున ఉన్నది కావచ్చు. "మాకు ఊళ్లో రెండెకరాలుంది" అన్నదాన్ని "ఈమెకు రెండెకరాల పొలం ఉంది" అని మారిస్తే, ఆస్తి పరిమితి ఉన్న పథకంలో దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు, వికలాంగులకు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నెలనెలా ఇచ్చే ఎస్‌ఎస్‌ఐలో ఒక మనిషికి లెక్కలోకి వచ్చే ఆస్తి పరిమితి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. పట్టా ఎవరి పేరున ఉందో స్పష్టంగా చెప్పాలి. అంకెల్లోనూ జాగ్రత్త: పది లక్షలంటే ఒక మిలియన్, ఒక లక్ష మిలియన్ కాదు. కంగారులో ఒక సున్నా అటూ ఇటూ అవుతుంది.

మూడోది వరసలు. పెదనాన్న కొడుకూ అన్నే, సొంత అన్నా అన్నే. ఫారంలో తోబుట్టువు గడికి, వంశపారంపర్య జబ్బుల ప్రశ్నకు ఈ తేడా కావాలి. స్నాప్ దరఖాస్తులో "హౌస్‌హోల్డ్" అన్నదాన్ని "కుటుంబం" అంటే దాదాపు ఎప్పుడూ తప్పు జవాబే వస్తుంది. అక్కడ అడుగుతున్నది సరుకులు కలిపి కొని, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారా అని. భార్యాభర్తలను, తల్లిదండ్రులతో ఉండే 22 ఏళ్ల లోపు పిల్లలను ఎలాగూ కలిపే లెక్కిస్తారు. కానీ పెద్ద కొడుకు ఇంట్లోనే ఉంటూ విడిగా కొనుక్కుని వండుకునే అమ్మానాన్నలు వేరే హౌస్‌హోల్డ్ కావచ్చు. "ఒకే పొయ్యా, వేరు పొయ్యా" అని అడిగితే మన పెద్దవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

శరీర భాగాల పేర్లు కూడా. "కాలు" అంటే తొడ దగ్గర నుంచి పాదం దాకా, "చెయ్యి" అంటే భుజం నుంచి వేళ్ల దాకా. నొప్పి ఎక్కడో వేలితో చూపించి చెప్పండి. ఫోన్లో అయితే ఇంటర్‌ప్రెటర్‌కు చూపు ఉండదు, మోకాలి కింద, మడమ పైన అని మాటల్లోనే చెప్పాలి. "మొన్న" అంటే రెండు రోజుల కిందటా, ఈమధ్య ఎప్పుడోనా అన్నదీ తేలాలి.

శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఇలాంటి చోట ఊహించి నింపరు. "ఇంటర్‌ప్రెటర్ స్పష్టత అడుగుతున్నారు" అని రెండు పక్కలా చెప్పి అడుగుతారు. మీరు "నాకు" అంటే వాళ్లూ "నాకు" అనే చెబుతారు, "ఆవిడకు" అనరు. సలహాలివ్వరు, ఏదీ తగ్గించరు. వైద్య రంగంలో సర్టిఫికేషన్‌కు ముందు కనీసం 40 గంటల శిక్షణ ఉండాలి. తెలుగు నోటి పరీక్షతో ఇచ్చే జాతీయ వైద్య సర్టిఫికెట్ లేదు కానీ, ఏ భాషవాళ్లయినా రాయగలిగే కోర్‌సీహెచ్‌ఐ పరీక్ష ఉంది. ఇంటర్‌ప్రెటర్ యాస మీకు పట్టకపోతే మొదటి నిమిషంలోనే చెప్పండి. "పానం మంచిగ లేదు" అన్నది అర్థం కాని మనిషి అయితే మార్చమని అడగడం తప్పు కాదు, వాళ్లను అవమానించినట్టూ కాదు.

అపోహ: ఫోన్లో అనువాద యాప్ ఉంది, చాలు.

వాస్తవం: మంచినీళ్లు ఎక్కడున్నాయని అడగడానికి చాలు. నోటీసులకు మాత్రం ప్రమాదం. "ఫెయిర్ హియరింగ్" అంటే మీ కేసు మళ్లీ విని నిర్ణయించే విచారణ. యంత్రం దాన్ని "న్యాయమైన వినికిడి" చేస్తే, చెవుల పరీక్ష అనుకుని కాగితం పక్కన పెట్టేస్తారు. స్నాప్‌లో ఆ విచారణ కోరడానికి గడువు 90 రోజులు. కానీ సాయం ఆగకుండా నడవాలంటే కోత నోటీసులో ఇచ్చిన తేదీలోపే కోరాలి, అది తరచూ 10 రోజులే. సోషల్ సెక్యూరిటీ నిర్ణయం మీద అప్పీలుకు నోటీసు అందాక 60 రోజులు. పోస్టులో రావడానికి 5 రోజులు అదనంగా లెక్కిస్తారు. ముఖ్యమైన ఆరోగ్య పత్రాలను యంత్రంతో అనువదిస్తే అర్హత ఉన్న మనిషి సరిచూడాలని 2024 నిబంధనలే చెబుతున్నాయి. ఇంగ్లీషు నోటీసు వస్తే ఆ ఆఫీసుకే ఫోన్ చేసి, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలిపించి, చదివి చెప్పమని అడగండి.

అపోహ: ఇంటర్‌ప్రెటర్‌కు ఫీజు మనమే కట్టాలి.

వాస్తవం: కేంద్ర నిధులతో నడిచే చోట అది ఆ సంస్థ ఖర్చు. బిల్లులో కనపడితే ప్రశ్నించండి.

అపోహ: స్కూలు ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే పిల్లలను వెనక తరగతిలో వేస్తారు.

వాస్తవం: అలా రాస్తే జరిగేది ఇంగ్లీషు స్థాయి పరీక్ష. బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే అదనపు ఇంగ్లీషు బోధన ఇస్తారు. ఆ సంగతి బడి మొదలైన 30 రోజుల్లో మీకు తెలపాలి, మీకు అర్థమయ్యే భాషలో, వీలైనంతవరకు. ఆ బోధన వద్దనే హక్కు మీకుంది, అయితే ఏటా జరిగే పరీక్ష మాత్రం తప్పదు. తల్లిదండ్రులకు ఏ భాషలో సమాచారం కావాలన్నది వేరే ప్రశ్న. పిల్లాడికి ఇంగ్లీషు దంచినట్టు వచ్చినా మీకు తెలుగు కావాలని అక్కడ రాయండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ప్రణాళిక (ఐఈపీ) సమావేశంలో తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చూడటం, ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టడంతో సహా, బడి బాధ్యత.

అపోహ: పౌరసత్వం ఇంటర్వ్యూకి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ప్రభుత్వమే ఇస్తుంది.

వాస్తవం: ఇక్కడ సంగతి వేరు. 50 ఏళ్లు నిండి 20 ఏళ్లుగా, లేదా 55 నిండి 15 ఏళ్లుగా గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది, పౌర పరిజ్ఞాన ప్రశ్నలకు తెలుగులో జవాబివ్వొచ్చు. కానీ ఇంటర్‌ప్రెటర్‌ను మీరే తీసుకెళ్లాలి. జీ-1256 ఫారం మీద అధికారి ఎదుటే ఇద్దరూ సంతకం చేయాలి. మీ లాయరు ఇంటర్‌ప్రెటర్‌గా పనికిరారు. కొడుకునో కోడలినో తీసుకెళ్తే ఒప్పుకోవడం అధికారి ఇష్టం, కాబట్టి బయటి మనిషి మేలు. 65 నిండి 20 ఏళ్ల గ్రీన్‌కార్డు ఉంటే చదువుకోవాల్సినవి 20 ప్రశ్నలే, 10 అడిగితే 6 చెప్పాలి.

అపోహ: ఇమిగ్రేషన్‌కు ఇచ్చే తెలుగు పత్రాల అనువాదానికి నోటరీ తప్పనిసరి.

వాస్తవం: కాదు. పూర్తి ఇంగ్లీషు అనువాదం, దాని కింద "ఇది పూర్తిగా, ఖచ్చితంగా ఉంది, ఈ భాష నుంచి అనువదించే సామర్థ్యం నాకుంది" అన్న అనువాదకుల ధ్రువీకరణ, పేరు, సంతకం, తేదీ చాలు. పూర్తి అన్న మాట దగ్గరే తప్పులు జరుగుతాయి. పంచాయతీ ముద్రలో ఉన్న అక్షరాలు, అంచున చేత్తో రాసినవి, వెనకవైపు రాతలు అన్నీ రావాలి. పాస్‌పోర్టుతో కలవని పేరును "సరిదిద్దకండి", పత్రంలో ఎలా ఉందో అలాగే రాయండి. మండలాన్ని కౌంటీ అనకుండా మండలం అనే ఉంచండి. తేదీలో నెలను పేరుతో రాయండి. 5/7 అంటే మనకు జులై అయిదు, వాళ్లకు మే ఏడు.

అపోహ: ఇవ్వకపోతే చేసేదేమీ లేదు.

వాస్తవం: టైటిల్ 6 నిబంధనల ఆధారంగా, ఉద్దేశపూర్వక వివక్ష అని చూపకుండా వ్యక్తులు దావా వేసే దారిని 2001లో అలెగ్జాండర్ వర్సెస్ శాండోవాల్ తీర్పు మూసేసింది. అలబామాలో ఇంగ్లీషులో మాత్రమే పెట్టిన డ్రైవింగ్ పరీక్ష మీద వచ్చిన కేసది. ఫిర్యాదు దారి మాత్రం ఉంది. ముందు ఆ సంస్థలోనే భాషా సేవలు చూసే అధికారికో, రోగుల తరఫు ప్రతినిధికో చెప్పండి. తర్వాత నిధులిచ్చే కేంద్ర శాఖ పౌర హక్కుల కార్యాలయానికి, సంఘటన జరిగిన 180 రోజుల్లోపు. తేదీ, సమయం, ఏ కౌంటరు, ఎవరిని అడిగారు, అడిగిన మాటలు, వచ్చిన జవాబు, ఇంటర్‌ప్రెటర్ కలిస్తే వాళ్ల ఐడీ నంబరు ఆ రోజే కాగితం మీద తెలుగులోనే రాసి పెట్టుకోండి. ఫోన్ కలిసిన వెంటనే ఇంటర్‌ప్రెటర్ తమ నంబరు చెబుతారు, అప్పటికి చేతిలో పెన్ను ఉండాలి.