ఓడ ఎవరిది? సింధియా ప్రయాణికుల నౌకలు, 1923 నాటి ఒప్పందం

మన తీరంలో ఒక రేవు నుంచి మరో రేవుకు సరుకు మోసే హక్కు ఎవరికి ఉండాలి? తీరప్రాంత నౌకాయాన చట్టాన్ని 2025లో పార్లమెంటు ఆమోదించినప్పటి నుంచి ఈ ప్రశ్న మళ్లీ రాజుకుంది. విదేశీ ఓడలకు సులువుగా లైసెన్సులిస్తే రవాణా ఖర్చు తగ్గుతుందని ఒక వర్గం అంటోంది. అలా చేస్తే మన కంపెనీలు మునిగిపోతాయని మరో వర్గం అంటోంది. 2018లో కంటెయినర్ల విషయంలో ఆంక్షలు సడలించినప్పుడూ ఇవే మాటలు విన్నాం. నిజానికి ఈ వాదన వందేళ్ల నాటిది. దాని ఆనవాలు విశాఖపట్నంలో ఒక పేటకు పేరై నిలిచింది. మల్కాపురం దాటి సింధియాలో బస్సు దిగేవారు పలికేది ఒక ఓడల కంపెనీ పేరే.

సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పుట్టుక కథ అందరికీ తెలిసిందే. 1919 ఏప్రిల్ 5న దాని ‘లాయల్టీ’ నౌక బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఆ రోజునే ఏటా జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కంపెనీని స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ వంటి వారి సాహసం గురించి ఆ రోజు చాలా ఉపన్యాసాలు వింటాం. ఆ ఓడ చివరికి ఏమైందన్నది మాత్రం ఆ ఉపన్యాసాల్లో వినిపించదు. నేటి వివాదానికి పనికొచ్చే పాఠమంతా అక్కడే ఉంది.

లాయల్టీ అప్పటికే వయసు మళ్లిన ఓడ. 1891లో ఇంగ్లండ్‌లోని బారోలో తయారై, ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ పేరుతో కెనడియన్ పసిఫిక్ కంపెనీకి పసిఫిక్ సముద్రంలో ప్రయాణికులను చేరవేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్వాలియర్ మహారాజు చేతికి వచ్చి ఆస్పత్రి నౌకగా పనిచేసింది. ఆయన నుంచి దాన్ని కొన్నందుకే కంపెనీకి ఆ రాజవంశం పేరు వచ్చింది. ఐరోపా మార్గంలో దాన్ని నిలబెట్టాలన్నది కంపెనీ కోరిక. కానీ ఆ మార్గమంతా అప్పటికే కూటమి కట్టిన బ్రిటిష్ కంపెనీల గుప్పిట్లో ఉంది. 1923లో లాయల్టీని తుక్కు కింద అమ్మేశారు.

అదే 1923లో సింధియా మరో కాగితం మీద సంతకం చేసింది. తర్వాత జరిగిన ప్రతి మలుపుకూ మూలం ఆ కాగితమేనని నా అభిప్రాయం.

ఎదుటి పక్షంలో ఉన్నది లార్డ్ ఇంచ్‌కేప్. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1914లో పీ అండ్ ఓ అనే మరో బ్రిటిష్ నౌకా సంస్థతో కలిశాక రెండూ ఆయన చేతి కిందే నడిచాయి. తీరం మీద సింధియా ఓడలు కనిపించగానే సరుకు కిరాయిలు ఒక్కసారిగా తగ్గించేశారు. దానికి తోడు రిబేటు పద్ధతి ఉండనే ఉంది. వ్యాపారి చెల్లించిన కిరాయిలో కొంత భాగాన్ని కంపెనీ తన దగ్గరే అట్టిపెట్టుకునేది. కొన్ని నెలల పాటు అతను మరే కంపెనీ ఓడలోనూ సరుకు ఎక్కించకపోతేనే ఆ సొమ్ము తిరిగి ఇచ్చేది. ఒక్క బస్తా సింధియా ఓడలో వేసినా అప్పటిదాకా పోగైన రిబేటంతా పోయినట్టే. రంగూన్ బియ్యం వ్యాపారికి స్వదేశీ అభిమానం ఎంత ఉన్నా, ఆ నష్టాన్ని ఏటా భరించగలడా?

కంపెనీనే కొనేస్తామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. వాల్‌చంద్ ఒప్పుకోలేదు. చివరికి పదేళ్ల ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సింధియా భారత్, బర్మా, సిలోన్ తీరాలకే పరిమితం కావాలి, మొత్తం ఓడల సామర్థ్యం 75 వేల టన్నులు దాటకూడదు. లండన్ దాకా వెళ్లిన ఓడతో మొదలైన కంపెనీకి సముద్రాంతర మార్గమే మూసుకుపోయింది. ఆ రోజుల్లో పెద్ద ప్రయాణికుల నౌకలకు గిరాకీ ఉన్నది ఆ మార్గాల్లోనే. కాబట్టి రెండు యుద్ధాల మధ్య మనకు సొంత లైనర్లు ఎందుకు లేవని అడిగేవారు ముందు ఈ షరతులను చదవాలి. ఒప్పందం వల్ల కిరాయిల యుద్ధం ఆగి సింధియా బతికి బట్టకట్టిన మాటా నిజమే. కూటమి లోపలికి వెళ్లిన సింధియాను బయట ఉండిపోయిన చిన్న భారతీయ కంపెనీలు నిందించిన మాటా నిజమే. అయితే గొంతు మీద కత్తి పెట్టి చేయించుకున్న సంతకాన్ని వ్యాపార ఒప్పందం అనడానికి నాకు మనసు రాదు.

బ్రిటిష్ ఇండియా కంపెనీ తరఫు వాదన కూడా చెప్పాలి. 1856 నుంచి తామే ఈ తీరాన్ని కనిపెట్టుకుని ఉన్నామని, లాభం ఉన్నా లేకున్నా వేళకు టపా ఓడలు నడిపామని, తీర వ్యాపారాన్ని భారతీయ ఓడలకే కేటాయించే చట్టంతో తమను వెళ్లగొట్టడం అన్యాయమని వారి వాదన. సేవ అందించింది నిజమే. ఆ సేవ ఎలా ఉండేదో మన కోస్తా వారికి తెలుసు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూన్ వెళ్లింది డెక్కు ప్రయాణికులుగానే, అంటే గదుల్లేకుండా ఓడ పైతట్టు మీదే. ఓడ దూరంగా లంగరు వేస్తే, మూటాముల్లెతో మసూలా పడవలెక్కి అలల మీదుగా దాన్ని చేరుకునేవారు. బర్మాలో వారిని కోరంగీలని పిలిచేవారు. కోరంగి మన రేవు పేరే.

అందుకే 1933 అక్టోబర్ 7 నాకు ముఖ్యమైన తేదీ. కొత్తగా తవ్విన విశాఖ హార్బరులోకి ఆ రోజు ప్రవేశించిన మొదటి ఓడ ‘జలదుర్గ’. అది సింధియా వారి ప్రయాణికుల నౌక. పదేళ్ల ఒప్పందం గడువు ముగింపుకు వచ్చిన ఏడాది కూడా అదే. వైస్రాయి విల్లింగ్‌డన్ హార్బరును లాంఛనంగా ప్రారంభించింది ఆ తర్వాత, డిసెంబర్ 19న.

ఈలోగా ఢిల్లీలో మరో పోరాటం నడిచింది. తీర వ్యాపారాన్ని భారతీయ ఓడలకే కేటాయించాలని, దేశీయ అధికారులను తయారుచేయడానికి శిక్షణ నౌక ఉండాలని 1924లో ప్రభుత్వ కమిటీయే సిఫారసు చేసింది. ప్రభుత్వం రెండోదాన్ని తీసుకుంది. 1927లో ‘డఫరిన్’ శిక్షణ నౌక వచ్చింది. మొదటిదాన్ని పక్కన పెట్టింది. దాంతో ఒకప్పుడు సింధియాలో మేనేజరుగా పనిచేసిన సారాభాయ్ నేమ్‌చంద్ హాజీ 1928లో కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చారు. రిబేటు పద్ధతిని రద్దు చేయడానికి మరో బిల్లూ తెచ్చారు. వైస్రాయి ఇర్విన్ 1930 జనవరిలో రెండు పక్షాలనూ కూర్చోబెట్టినా రాజీ కుదరలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం బ్రిటన్‌లో రిజిస్టరైన ఓడల పట్ల వివక్ష చూపకూడదని 115వ సెక్షన్‌లో రాసిపెట్టింది. హాజీ బిల్లుకు దారి అక్కడితో మూసుకుపోయింది.

సింధియా మళ్లీ ప్రయాణికుల వైపు గట్టిగా అడుగు వేసింది 1937లో, హజ్ యాత్ర కోసం. దాని మిగతా ఓడలకు ‘జల’తో మొదలయ్యే పేర్లుండేవి. ఈ నౌకలకు మాత్రం ‘ఎల్ మదీనా’, ‘ఎల్ హింద్’ అని యాత్రికుల మనసెరిగి పేర్లు పెట్టారు. జెద్దా మార్గంలో అప్పటికే ఉన్నది తర్వాత మొగల్ లైన్‌గా పేరు మార్చుకున్న కంపెనీ. 1877లో బొంబాయిలో పుట్టిన ఆ కంపెనీ అప్పటికి టర్నర్ మారిసన్ అనే బ్రిటిష్ సంస్థ నిర్వహణలో ఉంది. మళ్లీ అదే ఆట మొదలైంది, ఈసారి సరుకు బదులు యాత్రికుల టిక్కెట్ల మీద. ఛార్జీలు ఖర్చుకు కూడా సరిపోనంతగా పడిపోయాయి.

ఈ ఘట్టాన్ని నేటి చర్చలో తరచూ మరిచిపోతున్నారు. రిజిస్ట్రేషన్ చూస్తే ఎదుటి కంపెనీ బొంబాయిది. పెత్తనం చూస్తే బ్రిటిష్ వారిది. మరి అది భారతీయ కంపెనీయేనా? సింధియా వారు మొదటి నుంచీ ఒకే సమాధానం చెప్పారు: కాగితం మీద ఊరి పేరు చాలదు, వాటాలు, నిర్వహణ కూడా మనవారి చేతిలో ఉండాలి.

ఆ రెండు నౌకలూ యుద్ధంలో పోయాయి, ఒక్క నెల తేడాతో. 1944 మార్చిలో కలకత్తా నుంచి చిట్టగాంగ్‌కు సైనికులతో వెళ్తున్న ఎల్ మదీనాను బంగాళాఖాతంలో జపాన్ జలాంతర్గామి ముంచేసింది. సుమారు 380 మంది చనిపోయారు. ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు సామగ్రితో ఉన్న ‘ఫోర్ట్ స్టికీన్’ ఓడ పేలినప్పుడు ఎల్ హింద్ మంటల్లో చిక్కుకుని నాశనమైంది. పక్కనే కట్టి ఉన్న సింధియా వారి జలపద్మ వెనుక భాగం పేలుడు ధాటికి లేచి గట్టు మీది షెడ్డుపైకి వెళ్లిందంటే ఆ తీవ్రత ఊహించుకోవచ్చు.

అప్పటికే కంపెనీ విశాఖలో ఓడల కర్మాగారానికి పునాది వేసి ఉంది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న నగరం మీద జపాన్ బాంబులు పడి పని చెదిరిపోయింది. అయినా 1948 మార్చి 14న ‘జల ఉష’ను నెహ్రూ నీటిలోకి దింపారు. 1952లో కర్మాగారం హిందుస్థాన్ షిప్‌యార్డుగా ప్రభుత్వ అజమాయిషీలోకి వెళ్లింది.

ఇప్పుడు కొత్త చట్టం దగ్గరికి వద్దాం. విదేశీ ఓడకు లైసెన్సు ఇచ్చేటప్పుడు సిబ్బంది ఏ దేశస్థులు, ఓడ ఎక్కడ తయారైంది వంటి విషయాలను అధికారి పరిగణనలోకి తీసుకోవాలని అందులో ఉంది. మొదటిది డఫరిన్ నాటి కోరిక. రెండోది విశాఖ కర్మాగారం నాటి కోరిక. ఓడ యజమాని ఎవరన్న మూడో విషయంలో మాత్రం, అదే ఏడాది వచ్చిన మర్చంట్ షిప్పింగ్ చట్టం భారతీయ జెండాకు కావలసిన యాజమాన్య షరతులను సడలించింది. 1937లో బొంబాయి రేవులో తేలని ప్రశ్న అదే.