ఆంజాక్ డే మ్యాచ్: ఒకప్పుడు ఆ రోజు ఆటే నిషేధం

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మనకు బాక్సింగ్ డే టెస్టు గుర్తొస్తుంది. 2024 డిసెంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టింది అక్కడే. మెల్‌బోర్న్ వాసులకు ఏప్రిల్ 25, అంటే ఆంజాక్ డే, కూడా అంతే పెద్ద రోజు. ఆ మధ్యాహ్నం కాలింగ్‌వుడ్, ఎస్సెన్‌డన్ జట్లు అక్కడ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (చేతులూ వాడే, స్కోర్లు వంద దాటే ఆట) ఆడతాయి. ఆటకు ముందు మాజీ సైనికులకు గౌరవ వందనం ఉంటుంది. ఈ ఆనవాయితీ ఎప్పటినుంచో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, మొదలైంది 1995లోనే.

1915లో అదే తేదీన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలు (కలిపి ఆంజాక్) టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగాయి. మన భారత సైన్యానికి చెందిన పర్వత ఫిరంగి దళాలూ ఆ రోజే అక్కడ దిగాయి. దాదాపు ఎనిమిది నెలలు పోరాడి వెనుదిరగాల్సి వచ్చింది. ఒక్క ఆస్ట్రేలియా వాళ్లే 8 వేలమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది నుంచే ఏప్రిల్ 25 సంస్మరణ దినమైంది. విక్టోరియా రాష్ట్రంలో ఆ రోజును గుడ్ ఫ్రైడేలాగే పాటించేవారు, ఆటపాటలకు అనుమతి ఉండేది కాదు. ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు ఆ తేదీన మొదలైంది 1960లో.

అయితే ఈ గ్రౌండుకు సైన్యంతో చుట్టరికం అంతకంటే ముందుదే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, దీన్ని సైన్యానికి అప్పగించారు. మొదట అమెరికా వైమానిక దళం దిగింది. 1943లో పసిఫిక్ దీవి గ్వాడల్‌కెనాల్‌లో జరిగిన యుద్ధం నుంచి, చాలామంది మలేరియాతో, అమెరికన్ మెరైన్లు వచ్చారు. ప్రేక్షకులు కూర్చునే స్టాండ్లే వాళ్లకు పడక గదులు. 1942 నుంచి 1945 దాకా ఫుట్‌బాల్ ఫైనళ్లు వేరే గ్రౌండ్లకు వెళ్లిపోయాయి.

1995 మ్యాచ్ ఆలోచన ఎస్సెన్‌డన్ కోచ్ కెవిన్ షీడీది. ఆయన కూడా యువకుడిగా ఉన్నప్పుడు నిర్బంధ సైనిక సేవ చేసినవాడే. విక్టోరియా మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు బ్రూస్ రక్స్‌టన్‌ను కలిసి ఒప్పించాడు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే: సైనికుల సంఘమే సరే అన్నాక, ఇంక కాదనేవాళ్లెవరు? ఆ తొలి మ్యాచ్‌కు 94,825 మంది వచ్చారు. టికెట్ దొరక్క బయటే ఉండిపోయినవాళ్లు వేలల్లో. చివరికి స్కోరు 111-111, టై.

అప్పటినుంచి పద్ధతి పెద్దగా మారలేదు. తెల్లవారుజామున యుద్ధ స్మారకం దగ్గర ప్రార్థన, తర్వాత కవాతు. మధ్యాహ్నం గ్రౌండులో మాజీ సైనికులు వాహనాల్లో చుట్టూ తిరుగుతారు. పతకం ఎడమ ఛాతీ మీద ఉంటే అది ఆ మనిషి సంపాదించుకున్నది. కుడి వైపున ఉంటే తాతదో తండ్రిదో. తర్వాత బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ (అమరులకు నివాళిగా వాయించే సైనిక రాగం), ఒక నిమిషం మౌనం. మామూలు రోజుల్లో అంపైర్ మీద గొంతు చించుకునే జనం అప్పుడు కిక్కురుమనరు. రెండు దేశాల జాతీయ గీతాలయ్యాక ఆట మొదలవుతుంది.

విమర్శలూ ఉన్నాయి. ఆటగాళ్లను సైనికులతో పోల్చే మాటలు చాలామందికి రుచించవు, అది సబబే. సంస్మరణ కాస్తా వ్యాపారమైందన్నది ఇంకో ఆరోపణ. ఆ తేదీ ఎప్పుడూ ఈ రెండు క్లబ్బులకేనా అని మిగతావి చాలాకాలంగా అడుగుతున్నాయి. 2015 నుంచి ముందు రోజు సాయంత్రం మెల్‌బోర్న్, రిచ్‌మండ్ జట్లకు ఇదే గ్రౌండులో మ్యాచ్ దక్కింది. ఏప్రిల్ 25న ఈ గ్రౌండు మాత్రం ఇప్పటికీ కాలింగ్‌వుడ్, ఎస్సెన్‌డన్‌లదే.